ఐదో నెల గర్భిణికి క్యాను నీళ్లా, బోరు నీళ్లా?

గుత్తి రోడ్డు: మా చెల్లెలికి ఐదో నెల. అనంతపురంలో మా ఇంట్లోనే ఉంటోంది. పొద్దున వేసిన ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మధ్యాహ్నం దాకా గడప బయట ఎండలో మగ్గుతుంది. ప్లాస్టిక్‌లోని రసాయనాలు నీళ్లలోకి దిగి, హార్మోన్లను తారుమారు చేసి బిడ్డకు చేటు తెస్తాయని ఎవరో వాట్సాప్‌లో పంపారు. అప్పటి నుంచి అమ్మ క్యానును ముట్టనివ్వడం లేదు, బోరు నీళ్లు కాచి ఇస్తానంటోంది. నాన్న నవ్వుతున్నారు. ఎవరి మాట వినాలి?

తాడిపత్రి బాబాయి: నాన్నగారి మాటే వినండి. నా పిల్లలు ముగ్గురూ ప్లాస్టిక్ బిందె నీళ్లు తాగే పెరిగారు. గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనం ఒంట్లో నిలవదు, ఒక్క రోజులో మూత్రంలో పోతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎలుకల మీద పెద్ద పరిశోధన చేసి, పెద్దగా హాని కనబడలేదని 2018లో చెప్పింది.

సైన్సు మాస్టారు, కర్నూలు: ఒక్క రోజులో పోతుంది, నిజమే. మర్నాడు మళ్లీ తాగుతాం కదా బాబాయిగారూ! 1998లో అమెరికాలో ఒక ప్రయోగశాలలో ఎలుకల పంజరాలను పొరపాటున వేరే సబ్బుతో కడిగారు. ఆ పంజరాల గట్టి ప్లాస్టిక్ (పాలీకార్బొనేట్) కరిగి బిస్‌ఫినాల్ బయటికొచ్చింది. ఆ ఎలుకల అండాల్లో క్రోమోజోములు అడ్డదిడ్డమయ్యాయి. పరిశోధకురాలు ప్యాట్రీషియా హంట్ వెతుకుతున్నది వేరే విషయం, దొరికింది ఇది. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లనే రసాయనాల సంగతి మనుషుల్లోనే చూశారు. గర్భిణుల మూత్రంలో అవి ఎక్కువున్నప్పుడు, పుట్టిన మగపిల్లల జననాంగ కొలతల్లో తేడా ఉందని షానా స్వాన్ బృందం 2005లో చెప్పింది. అవే కారణమని దాంతో తేలిపోలేదు, కానీ నవ్వేసే మాట కాదు.

తాడిపత్రి బాబాయి: శాస్త్రజ్ఞులకే లెక్క కుదరలేదు. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, రోజూ ఒంట్లోకి వెళ్లినా ఫర్వాలేదనే బిస్‌ఫినాల్ హద్దును ఇరవై వేల రెట్లు తగ్గించింది. జర్మనీ సంస్థ ఒప్పుకోక, దానికి వెయ్యి రెట్లు ఎక్కువ పెట్టుకుంది. ఎవరిని నమ్మాలి?

కడప నర్సమ్మ: మీరిద్దరూ యూరప్‌లో ఉండండి, నేను అనంతపురం సంగతి చెబుతాను. అమ్మగారి భయం సబబే, ఉపాయమే తప్పు. బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బోర్లు మీ జిల్లాలో ఎన్ని ఊళ్లలో లేవు? కుళాయి నీళ్లు వస్తుంటే అవి కాచి స్టీలు బిందెలో పోయండి. రాకపోతే క్యానే మేలు, కాకపోతే నీడలో పెట్టండి. అడుగున త్రికోణంలో 1 ఉంటే పెట్ అనే రకం ప్లాస్టిక్, అందులో బిస్‌ఫినాల్ ఉండదు. 7 అయితే చాలావరకు పాలీకార్బొనేట్. గీతలు పడి మసకబారినది తిప్పి పంపేయండి.

నన్నడిగితే క్యాను కంటే వేడివేడిగా ప్లాస్టిక్‌లో పోసేదే నాకు భయం. పొగలు కక్కే సాంబారు కవరులో పోసి, దారం నాలుగు చుట్లు చుట్టి ఇస్తారు. ఇంటికొచ్చేసరికి కవరు మెత్తబడి వేలికి అంటుకుంటుంది. వేడికీ నూనెకీ ఈ రసాయనాలు తొందరగా దిగుతాయి. దాని మీద ఎవరింట్లోనూ పోట్లాట జరగదు!

గుత్తి రోడ్డు: క్యాను బోర్లించి చూశాను. అంకె అరిగిపోయి కనబడడం లేదు, తిప్పి పంపాము. నర్సమ్మగారి మాట చదివి వినిపించేసరికి నాన్న నవ్వు ఆగింది. సాయంత్రం టీ కవరులో తెచ్చేది ఆయనే. ఇప్పుడే ఫ్లాస్కు పట్టుకుని సణుక్కుంటూ వెళ్లారు.