నచ్చని ఫలితానికీ క్రెడిట్లు పోతున్నాయి, మీరెలా నెట్టుకొస్తున్నారు?

వెలుగునీడలు:
నేను వాడే ఫోటో ఎడిటర్‌లో సగం నెల గడవకముందే ఏఐ క్రెడిట్లు, అంటే ఏఐతో పని చేయించిన ప్రతిసారీ కోసుకునే పాయింట్లు, అయిపోతున్నాయి. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, ఈ తీరు చాలాచోట్ల ఉన్నదే. క్రెడిట్లు పెట్టినందుకు నాకు బాధ లేదు. గ్రూప్ ఫోటోలో వెనక నడిచి వెళుతున్న మనిషిని తీసేయమంటే, ఆ చోట చక్కగా ఇంకో మనిషిని నిలబెట్టింది. మళ్లీ నొక్కితే ఎవరిదో తెలియని చెయ్యి ఒకటి మిగిలింది, దానికి ఆరు వేళ్లు! రెండుసార్లూ క్రెడిట్లు కోసుకుంది. చెడగొట్టిన పనికి కూలి ఎందుకివ్వాలి?

చిత్రిక:
ఫలితం మీకు నచ్చినా నచ్చకపోయినా వాళ్ల సర్వర్ చేయాల్సిన లెక్కలు చేసేసింది కదండీ, దానికే వసూలు. న్యాయమా అంటే నేనూ జవాబు చెప్పలేను. అయితే ఆ ఇంకో మనిషి ఎందుకు వచ్చాడో ఊహించగలను. మీరు మనిషి ఒంటి చుట్టూ మాత్రమే గీసి, నేల మీద అతని నీడను వదిలేసి ఉంటారు. నీడ ఉంటే మనిషి కూడా ఉండాలి కదా అన్నట్టు నింపుతుంది మోడల్ (బొమ్మ గీసే ఏఐ). నీడ, అద్దంలోనో నీళ్లలోనో పడిన ప్రతిబింబం, పక్కవాళ్ల వెనక నుంచి కనిపించే మోచెయ్యి, అన్నీ కలిపి కాస్త వదులుగా సెలెక్ట్ చేయండి. ఇంకోటి, ‘మనిషిని తీసేయి’ అని టైప్ చేయకండి. ఫోటోషాప్‌లో సెలెక్ట్ చేసిన చోటును ఏఐతో నింపే జనరేటివ్ ఫిల్‌లో, ఏం కావాలో టైప్ చేసే పెట్టె ఖాళీగా వదిలేస్తే చుట్టూ ఉన్నదాన్ని బట్టి నింపుతుంది. మనిషి అనే మాట కనిపిస్తే మనిషినే గీసి పెట్టే ప్రమాదం ఉంది.

పాత లెన్సు:
అసలు ప్రతి మరకకూ సర్వర్ దాకా ఎందుకు పరుగు? చుట్టూ ఉన్న భాగాన్ని చూసి ఖాళీ నింపే కంటెంట్ అవేర్ ఫిల్ 2010లో ఫోటోషాప్ సీఎస్5తోనే వచ్చింది. ఇసుక, గడ్డి, ఆకాశం ఉన్నచోట ఇప్పటికీ అదే చాలు. ఒకచోటి భాగాన్ని ఇంకోచోట అచ్చేసే క్లోన్ స్టాంప్ అంతకంటే పాతది, అదీ క్రెడిట్ అడగదు. ‘ఏఐ’ అని రాసి ఉన్న ప్రతి బటన్ డబ్బు తినేది కాదని కూడా గుర్తుంచుకోండి. ఫోటోషాప్ తయారుచేసే అడోబీదే లైట్‌రూమ్, అందులో 2023లో వచ్చిన డీనాయిజ్ (ఫోటోలో గరుకు చుక్కలు తగ్గించేది) మన కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తుంది. అనుమానం ఉంటే ఇంటర్నెట్ ఆపేసి బటన్ నొక్కి చూడండి. పని జరిగిందంటే అది మన మెషీన్‌లోనే జరిగినట్టు.

పిక్సెల్ పిచ్చి:
సైజు సంగతి ఎవరూ ఎత్తలేదు. జనరేటివ్ ఫిల్ వచ్చిన కొత్తలో ఎంత పెద్ద భాగం సెలెక్ట్ చేసినా 1024 పిక్సెళ్ల చదరంలోనే బొమ్మ తయారుచేసి, దాన్ని సాగదీసి అతికించేది. పెద్ద ఫోటోను వంద శాతం జూమ్‌లో చూస్తే చుట్టూ చర్మం మీద రంధ్రాలతో సహా కనిపించేది, నింపినచోట మాత్రం మైనం పూసినట్టు ఉండేది. అందుకని ముక్కలు ముక్కలుగా నింపేవాళ్లం, ముక్కకో క్రెడిట్. ఇలాంటి పరిమితి ఉన్న ఎడిటర్లలో ఫోటో ఫోన్ తెరకే అయితే ఒక్క దెబ్బకు కానివ్వండి. ప్రింట్‌కు వెళ్లేదైతేనే ముక్కల పద్ధతి.

మోడల్ ఏదన్నదీ చూసుకోండి. అడోబీ సొంత మోడల్ ఫైర్‌ఫ్లై ఒక్కసారి నొక్కితే మూడు రూపాలు ఇస్తుంది. మొదటిది నచ్చలేదని మిగతా రెండూ చూడకుండానే మళ్లీ నొక్కేవాళ్లున్నారు! 2025 నుంచి ఫోటోషాప్‌లో జెమిని, ఫ్లక్స్ లాంటి బయటి మోడళ్లనూ ఎంచుకోవచ్చు. వాటికి క్రెడిట్లు ఎక్కువ పడతాయి. నిన్న ఎంచుకున్న మోడల్ ఈరోజూ అలాగే ఉందేమో ఒకసారి చూసి మరీ నొక్కండి.

వెలుగునీడలు:
నీడతో కలిపి సెలెక్ట్ చేస్తే మొదటిసారికే పోయాడు, ధన్యవాదాలు చిత్రిక గారూ. మిగిలిన క్రెడిట్లు వచ్చే నెలకు కలుస్తాయా?

చిత్రిక:
అడోబీ ప్లాన్‌తో నెలనెలా వచ్చేవైతే కలవవు. లెక్క కూడా ఒకటో తారీఖున కాదు, మీ బిల్లు తేదీని బట్టి మారుతుంది. వేరే కంపెనీదైతే కొనేముందే ఈ ఒక్క ముక్కా అడగండి.

సొంత కార్డు:
క్రెడిట్ల గోల పడలేకే నేను స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మలు గీసే ఏఐ మోడల్‌కు మారాను. 2022 ఆగస్టులో ఆ మోడల్‌ను అందరికీ విడుదల చేశారు కాబట్టి సొంత కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ క్రిటాకు దీన్ని జోడించే ప్లగిన్ ఉంది, కాన్వాస్ మీదే సెలెక్ట్ చేసి నింపుకోవచ్చు. నచ్చేదాకా ఎన్నిసార్లయినా నొక్కండి, అడిగేవాళ్లు లేరు. పైగా కస్టమర్ల ఫోటోలు మన గది దాటి పోవు, నాకు ఇదే ముఖ్యం.

పాత లెన్సు:
ఆ గ్రాఫిక్స్ కార్డు ఎవరు కొనిపెడతారండీ? కరెంటు బిల్లో? మోడళ్లు, సెట్టింగులు నేర్చుకునేందుకు పోయే ఆదివారాలో? అప్పుడప్పుడు ఒక ఫోటో దిద్దుకునేవాళ్లకు క్రెడిట్లే చవక.

సొంత కార్డు:
నిజమే, రోజూ పని ఉన్నవాళ్లకే గిట్టుబాటు. ఆ కార్డు నేను గేములు ఆడటానికి ఎప్పుడో కొన్నది, అందుకే లెక్కలో వేయలేదు.

పిక్సెల్ పిచ్చి:
డబ్బు తీసుకుని ఎడిటింగ్ చేసేవాళ్లు క్రెడిట్ల ఖర్చును ముందే కొటేషన్‌లో కలపండి. ‘ఇంకొంచెం మార్చండి’ అనే మాటకు అంతుండదు, ప్రతి మార్పుకూ క్రెడిట్లు మాత్రం మీ ఖాతాలోంచే పోతాయి. నేను రెండు మార్పుల వరకే ఉచితం అని రాసిస్తున్నాను.