క్లిక్ చేస్తున్నారు, అర నిమిషంలో వెళ్లిపోతున్నారు: ఏం చేయాలి?

నెల్లూరు వంటిల్లు:
అందరికీ నమస్కారం. చేపల పులుసు, రొయ్యల వేపుడు వంటి మన జిల్లా వంటలను యూట్యూబ్‌లో పెడుతుంటాను. తంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం) చూసి బాగానే వస్తున్నారు, క్లిక్ శాతం (అది వందసార్లు కనబడితే ఎన్నిసార్లు క్లిక్ చేశారో) 7 దాకా ఉంది. కానీ యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ (వీడియోలో ఏ క్షణం దాకా ఎంతమంది ఉన్నారో చూపే గీత) తెరిస్తే మొదటి 30 సెకన్లలోనే సగం మంది వెళ్లిపోయినట్టు కనబడుతోంది. 12 నిమిషాల వీడియోను సగటున 3 నిమిషాలే చూస్తున్నారు. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

ఒంగోలు కెమెరా:
అక్కా, ముందుగా తంబ్‌నెయిల్ జోలికి వెళ్లకండి. ఛానళ్లలో సగానికి ఆ శాతం 2 నుంచి 10 మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతోంది. మీది మంచి సంఖ్య.

మీ పులుసు వీడియో ఇప్పుడే చూశాను. ఛానల్ బొమ్మ, సంగీతం, సబ్‌స్క్రైబ్ చేయమన్న మాట, ఆ తర్వాత చేపల మార్కెట్. తంబ్‌నెయిల్‌లో ఉన్నదేమో మామిడికాయ ముక్కల మధ్య నూనె తేలిన ఎర్రటి పులుసు. దాన్ని చూసి వచ్చినవాళ్లకు అది ఎంతసేపటికీ కనబడదు. దాకలోంచి గరిటెతో ముక్క తీసే దృశ్యం మొట్టమొదట పెట్టండి. ఆ పులుసు మర్నాటికి ఎందుకు రుచి పెరుగుతుందో చెబుతానని అక్కడే అనండి. మార్కెట్ తర్వాత చూపించవచ్చు.

ఇది చిన్న విషయం కాదు. 2012 నుంచే యూట్యూబ్ వీడియోలను సూచించేటప్పుడు వ్యూస్ కంటే జనం చూసిన సమయానికి ఎక్కువ విలువ ఇస్తోంది.

చెరువుగట్టు, ఇందుకూరుపేట:
మొదటి అర నిమిషం గురించి అన్న చెప్పినదానితో ఏకీభవిస్తాను. అయితే గ్రాఫ్ దిగిన ప్రతిచోటా తప్పు వెతకడం సరికాదు. నా వీడియోలు వనామి రొయ్యల సాగు మీద. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలుతుంటే, గట్టు మీద నిలబడిన రైతు నా ఉపోద్ఘాతం వినడు. ఏరేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) సంగతి చెప్పిన చోటికి నేరుగా వెళ్తాడు, విని ఫోను జేబులో పెట్టుకుంటాడు. సగటు తగ్గుతుంది, కానీ అతని పని జరిగింది. నాకు అదే ముఖ్యం.

గ్రాఫ్‌లో మధ్యమధ్య లేచే గుట్టలను చూడండి. జనం వెనక్కి జరిపి మళ్లీ చూసిన భాగాలో, నేరుగా దూకి వచ్చిన భాగాలో అవే. నాకు మేత లెక్క చెప్పిన చోట అలాంటి గుట్ట వచ్చింది. దానికే వేరే వీడియో చేశాను. చాప్టర్లు (వీడియోను పేర్లతో భాగాలుగా చూపే గుర్తులు) కూడా పెట్టండి. వీడియో కింది వివరణలో రాసే సమయాలు 0:00తో మొదలవ్వాలి, కనీసం 3 ఉండాలి, ఒక్కొక్కటి 10 సెకన్లకు తగ్గకూడదు.

ఉదయగిరి చెక్క:
చెక్క చెంచాలు చెక్కే మా పనిని ఎక్కువగా యూట్యూబ్ పొట్టి వీడియోలైన షార్ట్స్‌లోనే పెడతాను. షార్ట్స్ చేసేవాళ్లు ఒకటి గమనించాలి. 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, వ్యూ లెక్కలో పడుతోంది. అందుకే పైన కనబడే పెద్ద అంకె కంటే ఎంగేజ్డ్ వ్యూస్ (కాసేపైనా చూసిన వ్యూస్), ఆగి చూసినవారి శాతం చూస్తాను. ప్రకటనల ఆదాయానికి కావలసిన 4,000 గంటల్లో షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం కలవదు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లతోపాటు ఆ గంటలైనా ఉండాలి, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ అయినా రావాలి.

నెల్లూరు వంటిల్లు:
చాలా సంతోషం. పాత వీడియోల్లో ఆ మొదటి భాగాన్ని తీసేయవచ్చా? మళ్లీ అప్‌లోడ్ చేస్తే వ్యూస్, కామెంట్లు పోతాయని భయం.

ఒంగోలు కెమెరా:
మళ్లీ పెట్టనక్కర్లేదు. స్టూడియో ఎడిటర్‌లోనే కత్తిరించవచ్చు. లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. అయితే చివరి దృశ్యాన్ని ముందుకు తేవడం అక్కడ కుదరదు, అది కొత్త వీడియోల్లో చేయండి. గ్రాఫ్ సిద్ధం కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆ రాత్రే చూసి దిగులుపడకండి. మీ వీడియోను మీ నిడివికి దగ్గరగా ఉన్న మీ వీడియోలతోనే పోల్చుకోండి. 40 సెకన్ల వీడియోను 80 శాతం చూడడం, 12 నిమిషాల వంటను 40 శాతం చూడడం ఒకటి కావు. రెండోదానిలో మీ దగ్గర దాదాపు 5 నిమిషాలు కూర్చున్నారు.

నెల్లూరు వంటిల్లు:
ఈ ఆదివారం కొర్రమీను పులుసు తీస్తున్నాను. దాకతోనే మొదలుపెడతాను. చేప శుభ్రం చేయడం, మసాలా నూరడం, పులుసు మరిగించడం, మూడూ విడివిడి చాప్టర్లు. మార్కెట్ వీడియో వేరే. చెరువుగట్టు అన్నా, గుట్ట ఎక్కడ వచ్చిందో గ్రాఫ్ బొమ్మ ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.