గ్రైండర్ టైమర్ బోర్డు: కరెంటు పోయి వస్తే నిమిషాలు తప్పుతున్నాయి

ప్రశ్న: టేబుల్ టాప్ గ్రైండర్ టైమర్‌కి ఎస్‌టీఎం8ఎస్003ఎఫ్3 మైక్రోకంట్రోలర్ చిప్ వాడాను, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నది. మిగిలిన నిమిషాల్ని నిమిషానికోసారి ప్రోగ్రామ్ ఫ్లాష్ (కోడ్ ఉండే మెమరీ) చివరి 64 బైట్లలో రాస్తోంది. రెండు వారాలు బాగానే ఉంది. ఇప్పుడు కరెంటు పోయి వస్తే ఒకసారి సున్నా, ఒకసారి పిచ్చి అంకె. చిప్ నకిలీదా? సీహెచ్32వీ003 అనే వేరే చిప్‌కి మారిపోనా?

జవాబు: చిప్‌ని అనుమానించే ముందు డేటాషీట్ చూడండి. ఇందులో ప్రోగ్రామ్ ఫ్లాష్‌కి 100 సార్లు రాయడానికే హామీ. రోజుకి అరగంట రుబ్బినా నాలుగో రోజుకే ఆ కోటా అయిపోతుంది, ఇన్నాళ్లు నడవడమే గొప్ప.

విడిగా 128 బైట్ల ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని డేటా మెమరీ) ఉంది, చిరునామా హెక్స్ 4000 నుంచి. దానికి లక్ష సార్లు. రాయనిచ్చేలా దాని తాళం తీయడానికి డీయూకేఆర్ రిజిస్టర్‌లో ముందు హెక్స్ ఏఈ, తర్వాత హెక్స్ 56 రాయాలి. ప్రోగ్రామ్ ఫ్లాష్‌కి ఇదే జత తిరగేసి ఉంటుంది, చాలామంది తప్పేది ఇక్కడే.

ఇంకో మెలిక. లోపల అరుగుదల 4 బైట్ల లెక్కన జరుగుతుంది. నాలుగు బైట్లు ఒక్కొక్కటిగా రాస్తే నాలుగుసార్లు అరిగినట్టే. వర్డ్ మోడ్‌లో నాలుగూ ఒకేసారి రాయండి: వరుస సంఖ్య 1 బైటు, నిమిషాలు 2, చెక్‌సమ్ (మిగతా బైట్లు చెడలేదని సరిచూసే అంకె) 1.

సున్నా ఎందుకంటే, ఈ చిప్‌లో చెరిపేసిన బైటు 255గా కాదు, 0గా చదువుతుంది. చెరపడానికీ రాయడానికీ మధ్య కరెంటు పోతే అదే మిగులుతుంది. చెక్‌సమ్ కోసం ఊరికే కూడితే చాలదు, నాలుగూ సున్నాలైతే అదీ సరిపోయినట్టే ఉంటుంది. కూడి, ఏదైనా సున్నా కాని అంకెతో ఎక్సార్ (బిట్లు వేరుగా ఉన్నచోట 1 ఇచ్చే లెక్క) చేయండి.

ఇంకొకరు: 128 బైట్లనీ నాలుగేసి బైట్ల 32 గళ్లుగా చేసి తిప్పి రాస్తే ఆయుష్షు ఇంకా పెరుగుతుంది కదా?

జవాబు: పెరుగుతుంది, కానీ అక్కర్లేదు. రోజుకి 30 రాతలైతే ఒక్క గడికే తొమ్మిదేళ్లు. రెండు గళ్లు మార్చి మార్చి రాస్తే చాలు, ఏది తాజాదో వరుస సంఖ్య చెబుతుంది: ఒకటి సగంలో చెడినా రెండోది బతికి ఉంటుంది, పోయేది ఒక్క నిమిషం.

ప్రశ్న అడిగినవారు: కరెంటు పోయినప్పుడు మాత్రమే రాస్తే?

జవాబు: కెపాసిటర్ లెక్క చూసుకోండి. 5 వోల్టుల లైన్‌పై 470 మైక్రోఫారడ్, 3 వోల్టుల దాకా దిగొచ్చనుకుంటే, 15 మిల్లీయాంపుల వాడకానికి సుమారు 63 మిల్లీసెకన్లు. జీరో క్రాసింగ్ (ఏసీ వోల్టేజి సున్నా దాటడం) ఆగిందని తేల్చడానికి 30, రాతకి 6. డిస్‌ప్లే వెలుగుతూ 35 మిల్లీయాంపులు తాగితే 27 మిల్లీసెకన్లే, రాయకముందే చస్తుంది. కాబట్టి ముందు డిస్‌ప్లే, రిలే ఆపాలి. ఆ 6 మిల్లీసెకన్లూ కోర్ ఆగి ఉంటుంది, అందుకే మామూలు రాతల్లో అంకెలు ఒక్కసారి మిణుకుమంటాయి.

సీహెచ్32వీ003లో ఫ్లాష్ 16 కేబీ, కానీ ఈఈప్రామ్ లేదు. ఈ పనికి మారి లాభం లేదు.

ఇంకొకరు: బోర్డు కెపాసిటర్ డ్రాపర్‌దైతే (ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తోనే మెయిన్స్ వోల్టేజి తగ్గించేది), మెయిన్స్‌లో ఉండగా ప్రోగ్రామర్ తగిలించకండి. గ్రౌండ్‌లోనే 230 వోల్టులు ఉండొచ్చు, ల్యాప్‌టాప్‌తో పాటు మీరూ పోతారు. ప్లగ్ పీకి, మెయిన్స్ వైపు ఉండే ఎక్స్2 కెపాసిటర్ డిశ్చార్జ్ అయ్యాక, బయటి 5 వోల్టులతో ప్రోగ్రామ్ చేయండి: రెండు వైపులా పదేసి కాళ్లున్న (టీఎస్‌ఎస్‌ఓపీ20) ప్యాకేజీలో స్విమ్ (ప్రోగ్రామింగ్ లైను) 18వ కాలు, రీసెట్ 4, గ్రౌండ్ 7, సప్లై 9. 8వ కాలికి 1 మైక్రోఫారడ్ లేకుంటే చిప్ పలకదు. కొత్త చిప్ కొనేటప్పుడు కాళ్లపై పాత టంకం మరక ఉంటే (వాడి పీకినదని గుర్తు) వదిలేయండి.