‘మనోవ్యాధికి మందు లేదు’ అనే సామెతను కార్యాలయం గోడ మీద తిరగరాయవచ్చునా?

ప్రశ్న

అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సందర్భంగా మా కార్యాలయంలో తెలుగులో ఒక గోడపత్రిక పెట్టాలని నిర్ణయించి, దాని రాతపని నాకు అప్పగించారు. ‘మనోవ్యాధికి మందుంది’ అని శీర్షిక పెడదామని ఒక సహోద్యోగి సూచించగా, తరతరాలుగా వస్తున్న సామెతను అలా తలకిందులు చేయడం తగదని మరొకరు అభ్యంతరం చెప్పారు. ఈ సామెతలో ‘మనోవ్యాధి’ అనే మాటకు అసలు అర్థం ఏమిటో, దానిని ఈ సందర్భంలో మార్చి రాయడం ఉచితమో కాదో సభ్యులు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం

ఆ శీర్షికలోని భావాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను, ఒక్క మాటను మాత్రం మార్చమంటాను. అది ఏ మాటో చెప్పేముందు సామెత సంగతి చూద్దాం.

పాత వాడుకలో మనోవ్యాధి అంటే వైద్యుడు పరీక్షించి పేరు పెట్టే జబ్బు కాదు, దిగులు, బెంగ. దూరదేశం వెళ్లిన కొడుకు నుంచి కబురు రాక తిండి మానేసిన తల్లిని చూసి, ఎదిగిన కూతురికి సంబంధం కుదరక చిక్కిపోతున్న తండ్రిని చూసి ఇరుగుపొరుగువారు ‘మనోవ్యాధికి మందు లేదు’ అనేవారు. కొడుకు తిరిగి వస్తే తప్ప, పిల్ల పెళ్లి జరిగితే తప్ప ఆ బెంగ తీరదనీ, అది కషాయాలకూ లేహ్యాలకూ లొంగేది కాదనీ దాని తాత్పర్యం. ఆ మాటలో ఈసడింపు లేదు, జాలి ఉంది. ఈ సంగతిని మీ సహోద్యోగులకు తప్పక చెప్పండి, ఎందుకంటే సామెతను తప్పుపట్టడం వేరు, సామెతను తప్పుచోట వాడేవారిని సరిదిద్దడం వేరు.

మన భాషలో ‘ఆధివ్యాధులు’ అనే జంటమాట కూడా ఉంది. ఇందులో వ్యాధి ఒంటికి వచ్చేది, ఆధి మనసుకు కలిగేది. అమరకోశం ఆధిని ‘మానసీ వ్యథా’ అనే చెప్పింది. సంస్కృత భారతంలోని అరణ్యపర్వంలో శౌనకుడు ధర్మరాజుతో మాట్లాడుతూ, బాగా కాల్చిన ఇనుప గుండు కుండలోని నీళ్లను వేడెక్కించినట్లు మనోదుఃఖం శరీరాన్ని తపింపజేస్తుందని చెబుతాడు. ఆధికీ వ్యాధికీ రెండింటికీ ఉపశమనం ఉందని కూడా ఆయనే అక్కడ అంటాడు. అంటే మనసు బాధకు విరుగుడు లేదన్నది మన పెద్దలందరి ఏకాభిప్రాయం ఏమీ కాదు. మనసుకూ ఒంటికీ వచ్చే బాధలను ఒకే సమాసంలో పక్కపక్కన కూర్చోబెట్టిన భాష మనది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్, మానసిక వ్యాధి ఉన్నవారికి శారీరక వ్యాధి ఉన్నవారితో సమానంగా వైద్యం అందాలనీ, బీమా సంస్థలు కూడా రెండింటినీ ఒకే ప్రాతిపదికన చూడాలనీ నిర్దేశించినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చింది ఈ సమాసమే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గడిచిన వందేళ్లలో మాట అర్థం మారింది కానీ సామెత అలాగే నిలిచిపోయింది. పత్రికలలోనూ వైద్యుల నోటా మనోవ్యాధి అనేది కుంగుబాటు, ఆందోళన రుగ్మత, బైపోలార్, స్కిజోఫ్రెనియా వంటి జబ్బులకు ఉమ్మడి పేరైంది. ఆ కొత్త అర్థాన్ని పాత సామెతలో పెట్టి చదివితే, బెంగ గురించి జాలిగా అన్న మాట కాస్తా జబ్బు గురించి ఇచ్చిన తీర్పుగా మారిపోతుంది. అది వాస్తవం కూడా కాదు. 1949లో లిథియం, 1952లో క్లోర్‌ప్రోమజీన్, 1950ల చివరలో ఇమిప్రమిన్ అనే మందులు వైద్యుల చేతికి వచ్చాయి; ఆ తరువాతి దశాబ్దాలలో మరెన్నో మందులూ, మాటలతో చేసే చికిత్సలూ వచ్చాయి. మా తాతల కాలంలో ఈ సామెతను జబ్బుకు వర్తింపజేసినా చాలావరకు నిజమే అయ్యేది. ఈనాడు కాదు.

కార్యాలయంలో ఈ సామెత ఎవరి చెవిన పడుతుందో ఆలోచించండి. నేను పనిచేసిన ఒక చోట, పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి తన మాత్రలను పట్టీలలో నుంచి ఒక్కొక్కటిగా తీసి ఖాళీ విటమిన్ సీసాలో పోసుకుని తెచ్చుకునేవారు. పట్టీ మీది పేరును ఎవరైనా చదివి ఫోన్‌లో వెతుకుతారేమోనన్న భయమే అందుకు కారణమని చాలాకాలం తరువాత ఆయనే చెప్పారు. వైద్యుని దగ్గరికి వెళ్లవలసిన రోజున సెలవు చీటీలో ‘తీవ్రమైన జ్వరము వలన’ అని రాసేవారు. ఎవరైనా మరీ గుచ్చి అడిగితే ‘నరాల డాక్టరుకు చూపించుకుంటున్నాను’ అనేవారు. ఈ ‘నరాల డాక్టరు’ అనే మాటను నిఘంటువులు ఎలా వివరించినా, మన ఊళ్లలో అది సగం సందర్భాలలో సైకియాట్రిస్టుకు తొడిగిన ముసుగే. మధుమేహానికి మాత్రలు వేసుకునే మనిషి అదే భోజనాల గదిలో అందరి ఎదుటా పట్టీ చించుతాడు, పైగా ఎంత మోతాదో కూడా చెబుతాడు. ఒకే గదిలో ఇద్దరు రోగుల మధ్య ఇంత తేడా ఉండడం నన్ను ఈనాటికీ బాధిస్తుంది.

అలా దాచుకోగలిగినవారు కనీసం వైద్యం పొందుతున్నారు. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేల్చింది. దీనికి వైద్యుల కొరత ఒక కారణం, నలుగురూ ఏమనుకుంటారో అన్న జంకు మరొక కారణం. కుంగుబాటు, ఆందోళనల మూలంగా ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మీ పై అధికారులకు అంకెలు కావాలంటే ఈ అంకెను చూపించండి.

ఇక మార్చవలసిన మాట ‘మందు’. సామెతలో అది ఔషధమే కానీ, నేటి వాడుకలో ‘మందుంది’ అనగానే సగం మందికి మద్యం స్ఫురిస్తుంది. పని ఒత్తిడిని మరచిపోవడానికి సాయంత్రం సీసా ముందు కూర్చునేవారు ప్రతి కార్యాలయంలోనూ ఉన్నారు; తాగుడు కుంగుబాటును తగ్గించకపోగా ముదరబెడుతుంది. అటువంటి వారి కళ్లెదుట ఆ శీర్షిక పెట్టడం ప్రమాదం. పైగా మానసిక వైద్యమంతా మాత్రలతోనే జరగదు. అందుచేత ‘మనోవ్యాధికి వైద్యం ఉంది’ అని రాయండి. సామెత లయ కొంత తగ్గుతుంది, అర్థం మాత్రం నిక్కచ్చిగా నిలుస్తుంది.

మరొక సభ్యుని సందేహం

అయ్యా, మీ వివరణ బాగుంది. కానీ ఇదే వాదనతో ముందుకు పోతే ‘పిచ్చి’, ‘వెర్రి’ అనే మాటలను కూడా కార్యాలయాలలో నిషేధించమంటారేమోనని అనుమానంగా ఉంది. ‘వెర్రి వేయి విధాలు’ అనకుండా, ‘పిచ్చి మొక్కలు’ అనకుండా, బిడ్డను ‘పిచ్చితల్లీ’ అని ముద్దుచేయకుండా తెలుగు మాట్లాడడం సాధ్యమేనా? మాది రాయలసీమ. మాకు ఎర్రగడ్డ అంటే వంటింట్లో ఉండే ఉల్లిపాయ. హైదరాబాదుకు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలి’ అని ఒకరు అంటే, కూరగాయల బజారుకు కాబోలు అనుకున్నాను.

ప్రత్యుత్తరం

నిషేధం నా ఉద్దేశం కాదు. పిచ్చి అనే మాటకు మన భాషలో ఎన్నో పొరలున్నాయి: పిచ్చి కాగితాలలో పనికిరానితనం, సినిమా పిచ్చిలో మోజు, మీరన్న పిచ్చితల్లిలో వాత్సల్యం. వీటిలో ఏదీ ఒక రోగిని వేలెత్తి చూపదు. జ్వరంతో మూలుగుతున్న మనిషిని మనం వెక్కిరించము కదా, మనసు బాగాలేని మనిషిని అతని జబ్బు పేరుతోనే పిలవడం దగ్గర మాత్రమే నాకు అభ్యంతరం.

మీరు ప్రస్తావించిన ఎర్రగడ్డ అందుకు సరైన ఉదాహరణ. అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. విశాఖపట్నంలో చినవాల్తేరులో ఉన్నది కూడా అటువంటిదే. వేల కుటుంబాలు తమవారిని తీసుకువెళ్లి నయం చేయించుకున్న చోట్లు అవి. ఆ ఊరి పేరునే తిట్టుగా వాడితే జరిగేదేమిటంటే, పని భారం ఎక్కువైందని చెప్పుకున్న కుర్రవాడిని టీమ్ లీడ్ ‘ఏం, ఎర్రగడ్డలో బెడ్ చెప్పమంటావా’ అని అన్నప్పుడు ఆ కుర్రవాడితో పాటు, వరుస చివర తలవంచుకుని పనిచేసుకుంటున్న మరొకరు కూడా, అక్కడి ఓపీకి వెళ్లాలని తాను నెల రోజులుగా అనుకుంటున్న ఆలోచనను ఆ క్షణాన విరమించుకుంటారు. ఆ రెండో మనిషి ఎవరో మాట అన్నవారికి ఎన్నటికీ తెలియదు.

‘మెంటల్’ సంగతి కూడా అంతే. ఇంగ్లీషులో విశేషణంగా ఉన్న మాటను మనం తెచ్చుకుని ‘వాడొక మెంటల్’ అని నామవాచకం చేశాము. దాని ఫలితంగా మెంటల్ హెల్త్ శిబిరమని నోటీసు పెడితే, ఆ మొదటి మాట చూసి ఆ గది దరిదాపులకు వెళ్లనివారు ఉన్నారు.

పత్రికలవారు వాడే ‘మతిస్థిమితం లేని’ అనే మాటతో ఇంకా జాగ్రత్త అవసరం. 2017 చట్టం మూడవ సెక్షన్, ఒకరికి మానసిక వ్యాధి ఉన్నదని నిర్ధారించినంత మాత్రాన వారిని మతిస్థిమితం లేనివారుగా భావించరాదనీ, అది తగిన న్యాయస్థానం తేల్చవలసిన విషయమనీ స్పష్టంగా చెప్పింది. 1912 నాటి పాత చట్టమైతే పేరులోనే ఉన్మాదాన్ని మోసింది. చట్టం తన మాటను మార్చుకున్నప్పుడు మన నోటీసు బోర్డు మార్చుకోలేదా?

ప్రశ్న అడిగినవారికి

గోడపత్రికలో శీర్షిక కింద రెండు వాక్యాలకు మించి వద్దని నా సలహా. మొదటిది ఇలా ఉండవచ్చు: ‘నిద్ర పట్టకపోయినా, పని మీద మనసు నిలవకపోయినా, బతుకు బరువనిపించినా టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఏ వేళనైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.’ మానసిక ఆరోగ్యం కోసం పెట్టిన ఈ ఫోన్ సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. రెండవ వాక్యం ఉద్యోగం పోతుందని భయపడేవారి కోసం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం ఏర్పడిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ 20వ సెక్షన్ చెబుతోంది. మీది ప్రభుత్వ సంస్థ అయితే ఈ మాటను యథాతథంగా వేయండి. ప్రైవేటు సంస్థ అయితే, చికిత్స వివరాలు అడగబోమని యాజమాన్యం చేత ఒక హామీ రాయించి, సంతకంతో సహా అక్కడ వేయించండి. సంతకం లేని హామీని ఎవరూ నమ్మరు.

చివరగా, దానిని హెచ్‌ఆర్ గది తలుపు మీద అంటించకండి. అక్కడ నిలబడి చదివేవారిని పది మంది చూస్తారు. లిఫ్టు లోపల, మంచినీళ్ల కూలర్ పక్కన, మరుగుదొడ్డి తలుపులకు లోపలివైపు అంటిస్తే, నంబరు కావలసినవారు ఎవరి కంటా పడకుండా రాసుకోగలుగుతారు.