మంచుకొండల సెన్సార్లు వైజాగ్‌లో చేయడమేంటి? (చర్చ)

గాజువాక ఈసీఈ:
ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మీద మా బ్యాచ్‌లో గొడవ నడుస్తోంది. హిమాలయాల్లో గడ్డకట్టిన నేలని, రాతి పగుళ్లని గమనించే వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్ చేద్దామని నేను. "సముద్రం ఒడ్డున కూర్చుని మంచు మీద ప్రాజెక్టేంట్రా, అరకు ఘాట్ మీద చేసుకోండి" అని మా గైడ్. మీరేమంటారు?

కేకే లైన్ అభిమాని:
మీ గైడ్ మాటే నా మాట. వానాకాలం వస్తే బొర్రా, చిమిడిపల్లి వైపు పట్టాల మీద బండరాళ్లు పడుతుంటాయి. అది వదిలేసి హిమాలయాలా? అయినా 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నైసార్ రాడార్ ఉపగ్రహం వెళ్లింది కదా. 12 రోజులకోసారి అదే కక్ష్యలోకి తిరిగొచ్చి నేల సెంటీమీటర్లలో కదిలినా పట్టేస్తుంది. ఇంక కొండెక్కి రాళ్లకి డ్రిల్లు వేయడం దేనికి?

ఎంబెడెడ్ మాస్టారు:
నైసార్ గొప్పదే, కాదనను. కానీ రాడార్ పక్కచూపు చూస్తుంది. నిట్టనిలువు గోడల్లాంటి కొండల్లో సగం ముఖాలు దానికి నీడలోనే ఉండిపోతాయి. పైగా అది కదలికని చూస్తుంది గానీ రాతి లోపలి వేడిని చూడలేదు. అసలు కథ అక్కడే ఉంది.

వరసగా రెండేళ్లు సున్నా డిగ్రీలు దాటని నేలని పర్మాఫ్రాస్ట్ అంటారు. ఎత్తైన కొండల్లో పగుళ్ల మధ్య ఐస్ ఉండి రాళ్లని పట్టి ఉంచుతుంది. ఆ ఐస్ కరిగాకే రాయి జారుతుందనుకుంటారు చాలామంది. కాదు. సున్నాకి ఒకటి రెండు డిగ్రీల కిందికి వచ్చేసరికే దాని పట్టు సడలిపోతుంది. 2003 ఎండల్లో స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ కొండ మీద హోర్న్‌లీ గట్టు దగ్గర ఒక పెద్ద రాతి ముక్క విరిగిపడితే, వెనకాల రాతిలో ఐస్ బయటపడింది. 2008 నుంచి పర్మాసెన్స్ అనే ప్రాజెక్టు వాళ్లు అక్కడే, 3,500 మీటర్ల ఎత్తున, నెట్‌వర్క్ పెట్టి నడిపారు. రాతిలో వేర్వేరు లోతుల్లో వేడిని కొలిచే థర్మిస్టర్లు, పగులు వెడల్పు కొలవడానికి అటూ ఇటూ బిగించిన క్రాక్‌మీటర్లు. రెండు నిమిషాలకో రీడింగ్. మంచు కప్పేసి రేడియో అందకపోతే నోడ్ (సెన్సార్లు, రేడియో ఉన్న డబ్బా) తన మెమొరీలోనే దాచుకుని, లింకు వచ్చాక పంపుతుంది.

చలికాలంలో రాయి ముడుచుకుంటుంది కాబట్టి పగులు కాస్త తెరుచుకుంటుంది, వేసవికి మూసుకుంటుంది. అది మామూలే. వేసవిలో మూసుకోవాల్సింది తెరుచుకుంటూ పోతే, అప్పుడు టెన్షన్. ఉష్ణోగ్రత, పగులు వెడల్పు రెండూ ఒకేచోట, ఏళ్ల తరబడి ఉంటే తప్ప ఈ తేడా తెలియదు.

కేకే లైన్ అభిమాని:
మాస్టారూ, స్విట్జర్లాండ్ వేరు. కొండ కింద కేబుల్ కారుంది, పాడైతే వెళ్లి బాగు చేసుకుంటారు. మన దగ్గర చూడండి. 2023 సెప్టెంబర్‌లో సిక్కింలో సౌత్ లోనాక్ సరస్సు దగ్గర కెమెరా, వాతావరణ పరికరాలు పెట్టారు. నెలాఖరుకి డేటా రావడం ఆగిపోయింది. అక్టోబర్ 3 రాత్రి గడ్డకట్టిన గట్టు సరస్సులోకి జారిపడి, ఆ వరదకి చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోయింది. అంత దూరం ఎందుకు, హుద్‌హుద్ తుఫాను రోజున మన కైలాసగిరి వాతావరణ రాడారే గాలికి దెబ్బతింది. పెట్టడం తేలికే, దాన్ని బతికించేదెవరు?

ఎంబెడెడ్ మాస్టారు:
సరిగ్గా అందుకే ఇది మంచి ప్రాజెక్టంటున్నాను. బతికించడమే ఇక్కడ ఇంజనీరింగ్. తమ్ముడూ, మామూలు ఆల్కలైన్ సెల్ మైనస్ ఇరవైకే చేతులెత్తేస్తుంది. లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ తట్టుకుంటుంది గానీ, చాలాసేపు నిద్రపోయి లేచి రేడియో ఆన్ చేయగానే వోల్టేజ్ ధబేల్‌మని పడుతుంది. పక్కన కెపాసిటర్ పెట్టాలి. ఇంకోటి గడియారం. దాన్ని నడిపే 32 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేస్తారు. మైనస్ నలభైకి వెళ్తే రోజుకి 12, 13 సెకన్లు వెనకబడుతుంది. నోడ్లన్నీ ఒకే క్షణంలో లేచి మాట్లాడుకుంటేనే బ్యాటరీ ఏళ్ల తరబడి వచ్చేది. ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉంటే వాటి గడియారాలు కలవవు, ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఛార్జ్ తినేస్తాయి.

గాజువాక ఈసీఈ:
సార్, మరి మైనస్ నలభై ఎక్కడ తెచ్చుకోవాలి? మా ల్యాబ్‌లో ఏసీ కూడా పనిచేయదు.

రొయ్యల ప్లాంట్ క్యూసీ:
వైజాగ్‌లో ఉండి చలికి వెతుక్కోవడమా బాబూ! రొయ్యల ప్లాంట్లలో బ్లాస్ట్ ఫ్రీజర్లు మైనస్ నలభై దాకా వెళ్తాయి. సీజన్‌లో ఎవరూ దగ్గరికి రానివ్వరు, లోడ్ లేని రోజు చూసి మేనేజర్‌ని అడగండి. కాలేజీ లెటర్ పట్టుకెళ్లండి. మన కొండల్లో దొరికే ఒక ఖోండలైట్ రాయిలో బెజ్జం వేసి, సెన్సార్ పెట్టి, ఫ్రీజర్‌లో పెట్టి తీయండి. కానీ బోర్డుని పాడుచేసేది చలి కాదు, బయటికి తీశాక పట్టే చెమ్మ. మా డేటా లాగర్లు పోయేది ఎప్పుడూ తలుపు దగ్గరే. డబ్బా మూసే ముందు లోపల సిలికా జెల్ వేయండి, కేబుల్ దూరే చోట చెమ్మ దూరకుండా గ్లాండ్ (బిగింపు మూత) గట్టిగా బిగించండి.

ఇంకో సంగతి, తలుపు మూస్తే లోపల్నించి రేడియో రాదు. అంతా ఇనుమే. మీ నోడ్ మెమొరీలో దాచుకుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఎంబెడెడ్ మాస్టారు:
మేడమ్, ఇది నాకు తట్టలేదు! మంచు కప్పేసిన నోడ్‌కి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

కేకే లైన్ అభిమాని:
సరే, ఫ్రీజర్ ఐడియా బాగుంది, ఒప్పుకుంటా. అరకు ఘాట్ మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఆ డబ్బా, ఆ క్రాక్‌మీటరే అనంతగిరి రోడ్డు పక్క బండకి బిగించినా పనిచేస్తుంది కదా, వానకి తడవకుండా చూసుకుంటే చాలు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా. రిపోర్టు పేరులో "ముందస్తు హెచ్చరిక" అని రాయొద్దు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీలో కొండ విరిగిపడితే మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల భూకంపాలు కొలిచే సీస్మోమీటర్లలో ఆ కుదుపు నమోదైంది. కానీ దాన్ని అప్పటికప్పుడు చదివి కింద తపోవన్‌లో సైరన్ మోగించే ఏర్పాటు లేదు. రెండు వందల మందికి పైగా పోయారు. మీరు చేసేది కొలత. కొలత అనే రాయండి.

గాజువాక ఈసీఈ:
పేరు మారుస్తాం అన్నా. రెండు డబ్బాలు చేస్తాం, ఒకటి ఫ్రీజర్‌కి, ఒకటి ఘాట్‌కి. గైడ్‌గారితో రేపు మాట్లాడతా. మేడమ్, లెటర్ ఎవరి పేరు మీద రాయాలో మెసేజ్ పెట్టగలరా?