వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని మెలకువగా ఉంచడం న్యాయమేనా?

పేషెంట్ కూతురు:
పేగు ఆపరేషన్ తర్వాత మా నాన్నని వెంటిలేటర్ మీద పెట్టారు. మొదట మత్తులో ప్రశాంతంగానే ఉన్నారు. తర్వాత మత్తు తగ్గించేశారు. గొంతులో గొట్టం, మాట రాదు, కళ్ళు తెరిచి మమ్మల్నే చూస్తున్నారు. అడిగితే "ఇప్పుడు ఇదే పద్ధతి" అన్నారు. ఆయన కోలుకుని ఇంటికొచ్చేశారు. కానీ నాకు ఇంకా సమాధానం దొరకలేదు. గొట్టం తీసేదాకా నిద్రపుచ్చి ఉంచితే పోయేదేముంది?

మత్తు డాక్టర్:
చాలా పోతుందండి. షికాగోలో చేసిన ఒక అధ్యయనం 2000లో వచ్చింది. రోజుకోసారి మత్తు ఆపి, మెలకువ వచ్చిందో లేదో చూసిన రోగులకు 4.9 రోజుల్లో వెంటిలేటర్ అవసరం తీరింది. మామూలు పద్ధతిలో ఉన్నవాళ్ళకు 7.3 రోజులు పట్టింది. ఇవి మధ్యస్థ విలువలు, అంటే సగంమందికి ఇంతకంటే తక్కువ, సగంమందికి ఎక్కువ పట్టింది. మిడజోలం లాంటి మత్తుమందు రోజుల తరబడి ఎక్కిస్తే ఒంట్లో పేరుకుపోతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో మరీనూ. కండరాలు నీరసించిపోతాయి, మతిభ్రమ రావచ్చు. పక్షవాతం వచ్చినా వెంటనే తెలియదు.

అయితే అసలు సంగతి వేరే ఉంది. నిద్ర వేరు, నొప్పి తగ్గడం వేరు. ప్రొపోఫాల్, మిడజోలం నిద్రపుచ్చుతాయే గానీ నొప్పిని తగ్గించవు. పొట్ట కోసి కుట్టిన మనిషికి వాటిని మాత్రమే ఇస్తే, చూసేవాళ్ళకు ప్రశాంతంగా కనిపిస్తాడు, లోపల నొప్పి అలాగే ఉంటుంది. ముందు ఫెంటనిల్, మార్ఫిన్ లాంటివి ఇచ్చి నొప్పి తగ్గించాలి. ఆ తర్వాతే మత్తు అవసరమా, ఎంత అవసరం అని చూడాలి. మాట్లాడలేని రోగికి ముఖకవళికలు, ఒంటి కదలికలు, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో పెనుగులాట, ఈ నాలుగూ చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తాం. మొత్తం 8కి 3 వచ్చిందంటే చాలు, నొప్పి ఉన్నట్టే లెక్క.

ఐసీయూ నర్సు:
డాక్టర్ గారూ, చెప్పినంత తేలిక కాదు. రాత్రిపూట ఒక్కదాన్నే ముగ్గురిని చూసుకోవాలి. ఒకరి దగ్గరుండగా ఇంకొకరు గొట్టం పీకేసుకుంటే? ఆ టెన్షన్‌తోనే చేతులు కట్టేస్తారు. చేతులు కట్టేసి మెలకువగా ఉంచడం కంటే నిద్రే నయం అంటాను. డెన్మార్క్‌లో మత్తు లేకుండానే వెంటిలేటర్ మీద ఉంచారని 2010లో ఒక అధ్యయనం వచ్చింది కదా, అక్కడ ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉన్నారు. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

మత్తు డాక్టర్:
నిజమే సిస్టర్, మనుషులు లేకుండా ఆ పద్ధతి నడవదు. 2020లో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. అసలు మత్తే ఇవ్వనివాళ్ళకూ, తేలిక మత్తు ఇచ్చి రోజూ ఆపి చూసినవాళ్ళకూ 90 రోజుల్లోపు మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే పూర్తిగా మానేయాలని నేను పట్టుబట్టను. పిలిస్తే పలికేంత తేలిక మత్తు చాలంటాను. డెక్స్‌మెడెటోమిడిన్ అనే మందు అందుకు పనికొస్తుంది. దాంతో గుండె వేగం, బీపీ పడిపోవచ్చు, కనిపెట్టుకుని ఉండాలి. ఆగని ఫిట్స్, మెదడులో ఒత్తిడి పెరగడం, కండరాలు కదలకుండా మందు ఇవ్వాల్సి రావడం, వీటిలో మాత్రం గాఢ నిద్ర తప్పదు. ముఖ్యంగా చివరిదానిలో. కదలలేని మనిషికి మెలకువ ఉంటే అంతకు మించిన నరకం లేదు.

పేషెంట్ కూతురు:
నొప్పిని విడిగా కొలుస్తారని మాకు ఒక్కరూ చెప్పలేదండి. చెప్పి ఉంటే అంత భయపడేవాళ్ళం కాదు.

ఐసీయూ నర్సు:
అడగండమ్మా, అది మీ హక్కు. "నొప్పి స్కోరు ఎంత ఉంది? ఛాతీ గొట్టం తీసేముందు నొప్పి మందు ఇచ్చారా?" అనండి. పక్కకు తిప్పినా, గొంతులో కఫం పీల్చినా వాళ్ళకు బాధే. కళ్ళు తెరిచినప్పుడల్లా "గొట్టం ఉంది, అందుకే మాట రావట్లేదు, తీసేస్తారు" అని చెప్తూ ఉండండి. అక్షరాల అట్ట ఇస్తే వేలితో చూపించి ఏం కావాలో చెప్తారు. అవన్నీ చేసినా మనిషి కుదురుగా ఉండలేకపోతే మాత్రం, ఆ రాత్రికి మత్తు పెంచమని నేనే డాక్టర్‌ని అడుగుతాను.