నాటకం పనిమీద నెలల తరబడి పరాయి ఊళ్లో ఉండేవారు అద్దెగదిని ఇల్లుగా ఎలా మలచుకుంటున్నారు?

కుట్టుమిషన్

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. నేను నాటకాలకు ఆహార్యం సిద్ధం చేసే పనిలో ఉన్నాను. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఢిల్లీలో, మండీహౌస్ ప్రాంతంలోని ఒక బృందం చేపట్టిన కొత్త ప్రదర్శనకు దుస్తులు తయారు చేయడానికి వెళ్తున్నాను. లక్ష్మీనగర్‌లో నాలుగో అంతస్తు పైన, డాబాకు ఆనుకుని ఉన్న ఒంటిగది కుదిరింది. ఒక మంచం, ఒక ఇనుప బీరువా, ఒక ట్యూబ్‌లైటు తప్ప అందులో మరేమీ లేవు. గోడలకు మేకులు కొట్టకూడదని యజమాని ముందుగానే షరతు పెట్టారు. రిహార్సల్సు ముగించుకుని గదికి చేరేసరికి రాత్రి పది దాటుతుందట. పోటీ నాటకాల కోసం రెండు మూడు రోజులు లాడ్జీల్లో ఉండటం నాకు అలవాటే గానీ, ఇన్ని నెలలు ఒంటరిగా ఉండటం ఇదే మొదటిసారి. అలసిపోయి తాళం తీసినప్పుడు నా ఇంటికి వచ్చానన్న భావన కలగాలంటే ఏం చేయాలి? మీరు ఏ ఊళ్లో పనిచేసినవారైనా సరే, మీకు ఉపయోగపడిన సంగతులు దయచేసి తెలియజేయండి.

మండీహౌస్ పాతకాపు

అమ్మా, మీ గది డాబా మీద ఉందంటున్నారు కాబట్టి ముందుగా చలి గురించే చెప్పాలి. నవంబరు మొదట్లో వాతావరణం హాయిగానే ఉంటుంది. డిసెంబరు నెలాఖరు నుంచి జనవరి చివరి వరకు మాత్రం రాత్రి ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలకు పడిపోయే రోజులు వస్తాయి. పై అంతస్తు గది కింది గదులకంటే ఎక్కువగా చల్లబడుతుంది. మన దుప్పట్లు అక్కడ చాలవు. ఖమ్మం నుంచి మోసుకెళ్లడం మాని, చలి ముదరకముందే అక్కడే మంచి దూది రజాయి, అంటే మందపాటి బొంత, ఒకటి కొనుక్కోండి. మంచాన్ని బయటి గోడకు తగలకుండా జానెడు దూరం జరిపి వేసుకోండి. పగటిపూట ఆ డాబాయే మీకు పెద్ద ఆస్తి అవుతుంది. ఎండ కాసిన రోజు రజాయిని పిట్టగోడ మీద ఆరవేసి, రాత్రి కప్పుకుంటే ఆ తేడా మీకే తెలుస్తుంది.

ఇక తిండి సంగతి. ఢిల్లీలో పనిచేసిన కాలంలో నేను గమనించినది ఏమిటంటే, మూడు పూటలా బయట తినేవాళ్లకు ఆ ఊరు ఎన్నాళ్లయినా పరాయిదిగానే ఉంటుంది. చేరిన రోజునే పాలు పొంగించి, అన్నం వండుకోండి. చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు, ఒక బాణలి, కందిపొడి, గోంగూర పచ్చడి, నెయ్యి ఉంటే రాత్రి పదిన్నరకు కూడా పది నిమిషాల శ్రమతో వేడి అన్నం తినవచ్చు. మన వంట మరీ గుర్తుకొచ్చిన రోజున అశోకా రోడ్డులోని ఆంధ్రాభవన్ క్యాంటీన్ ఉండనే ఉంది. మండీహౌస్ నుంచి నడిచి వెళ్లగలిగిన దూరమే. ఆదివారం బిర్యానీకి చాలా రద్దీగా ఉంటుంది కాబట్టి కాస్త ముందుగా వెళ్లండి. లక్ష్మీనగర్ నుంచి మండీహౌస్‌కు మెట్రో బ్లూ లైనులో నేరుగా రావచ్చు, రైలు మారనవసరం లేదు. అయితే చివరి రైలు వేళ ఎప్పుడో మొదటి రోజే తెలుసుకుని, రిహార్సలు చేయించేవారికి కూడా ఆ వేళ చెప్పి ఉంచండి.

దీపాల పని

లైటింగు చేసేవాడిని కాబట్టి ఆ ట్యూబ్‌లైటు గురించి మాట్లాడతాను. నడినెత్తి మీద నుంచి పడే తెల్లని వెలుగులో ఏ గదైనా ఆఫీసులాగే కనిపిస్తుంది. 2700 కెల్విన్ అని పెట్టె మీద రాసి ఉన్న పసుపు వెలుగు ఎల్‌ఈడీ బల్బు ఒకటి, వైరుతో కూడిన హోల్డరు ఒకటి తీసుకువెళ్లండి. దాన్ని మంచానికి ఎదురు మూలలో, నేలకు దగ్గరగా, గోడవైపు తిప్పి పెట్టండి. వెలుగు గోడ మీద పడి గదిలోకి మెత్తగా పరుచుకుంటుంది. రాత్రి గదికి వచ్చాక ట్యూబ్‌లైటు వేయకుండా ఈ దీపం ఒక్కటే వెలిగించుకోండి. స్టేజి దీపాల కింద గంటల తరబడి గడిపిన కళ్లకు అది ఎంత విశ్రాంతినిస్తుందో నేను చాలా ఊళ్లలో చూశాను.

ఇంకొక ముఖ్యమైన విషయం. చలికి మీరు రూమ్ హీటరు కొనక తప్పదు. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. గదిలో ఉండే మామూలు చిన్న ప్లగ్గులు 6 ఆంపియర్లవి. ఎక్స్‌టెన్షను బాక్సుకు తగిలిస్తే వైరు వేడెక్కి కరిగే ప్రమాదం ఉంటుంది. గదిలో 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు ఉందో లేదో అడ్వాన్సు ఇచ్చేముందే అడగండి. బొగ్గుల కుంపటిని మాత్రం మూసిన గదిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకురావద్దు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఉత్తరాదిన ప్రతి చలికాలంలో ఇటువంటి మరణాల వార్తలు వస్తూనే ఉంటాయి.

గుంటూరు పద్యం

చెల్లాయీ, నేను పద్యనాటకాల్లో స్త్రీ పాత్రలు ధరిస్తాను. శివరాత్రికి, తిరునాళ్లకు, శ్రీరామనవమికి ఊరూరా తిరుగుతూ స్కూలు గదుల్లోనూ, కల్యాణమండపాల్లోనూ, ఎవరో తెలియని వారి వాకిళ్లలోనూ పడుకున్నదాన్ని. నా అనుభవంలో గది ఇల్లు అనిపించాలంటే మొదట తలుపు గడియ సరిగ్గా పడాలి. గుండెలమీద చేయి వేసుకుని నిద్రపోలేని చోట ఎన్ని అలంకారాలు చేసినా ఉపయోగం లేదు. నా తాళంకప్ప నా సంచిలోనే ఉంటుంది. తలుపు కిందికి దోపడానికి ఒక చెక్కముక్క కూడా ఉంటుంది. బయానా తీసుకునేటప్పుడే ఆడవాళ్లకు వేరే గది, లోపల గడియ ఉన్న స్నానాలగది ఉండాలని స్పష్టంగా మాట్లాడుకుంటాను. అలా అడిగినందుకు మొదట్లో ఒకరిద్దరు నిర్వాహకులు ముఖం మాడ్చుకున్నారు. ఇప్పుడు నాతో పాటు వచ్చే అమ్మాయిలందరూ అదే మాట అడుగుతున్నారు, ఏర్పాట్లు కూడా జరుగుతున్నాయి.

రెండోది, దిండు. మేకప్పును కొబ్బరినూనెతో ఎంత తుడిచినా చెవుల వెనుక, జుట్టు మొదట్లో రంగు మిగిలే ఉంటుంది. తెల్లవారేసరికి లాడ్జివాళ్ల తెల్లటి దిండు మీద ఎర్రటి మరక కనబడుతుంది, దానికి డబ్బు కట్టమంటారు. అందుకే మా అమ్మ పాత నేతచీర ముదురు రంగుది చించి దిండు గలీబులు కుట్టుకున్నాను. మరక సంగతి అటుంచితే, ఏ ఊళ్లో పడుకున్నా చెంపకు తగిలేది అదే బట్ట, అదే వాసన. తెల్లవారుజామున నాలుగింటికి ఆట ముగించుకుని, కొత్త గదిలో వెంటనే నిద్ర పట్టడానికి నాకు అంతకంటే మంచి సాధనం దొరకలేదు. మీరు ఎలాగూ కుట్టుపని వచ్చినవారు కాబట్టి మీకు ఇది నిమిషాల పని.

ఒక్కపెట్టె

పెద్దవాడిగా ఒక మాట చెప్పనివ్వండి. పరిషత్తుల పోటీ నాటకాలతో ఏళ్ల తరబడి తిరిగినవాడిని. గదిని మరీ ఇల్లుగా చేసుకుంటే మనసు గదిలోనే ఉండిపోతుంది. కళాకారుడికి రిహార్సలు హాలే ఇల్లు కావాలి. ఒక పెట్టె, ఒక జంపఖానా, రెండు జతల బట్టలు చాలు. సామాను పెరిగినకొద్దీ దాన్ని సర్దే పని పెరుగుతుంది. ఊరు వదిలేటప్పుడు బాధా పెరుగుతుంది. మా తరం అలాగే పనిచేసింది, నాటకానికి లోటు రాలేదు.

రేకుల షెడ్డు

పెద్దాయన మాట మీద గౌరవం ఉంచుతూనే, నేను అంగీకరించలేకపోతున్నాను. మాది సురభి కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ నాటక సంప్రదాయం ఇన్ని తరాలు నిలిచిందంటే, నాటకంతో పాటు సంసారం కూడా ఊరూరా ప్రయాణం చేయడమే దానికి కారణమని నా గట్టి నమ్మకం. మా పెద్దవాళ్లు ఒక ఊళ్లో రేకుల షెడ్డు వేసి నెలల తరబడి ఆడేవారు. షెడ్డు చుట్టూ ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క గుడిసె ఉండేది. సామాను దిగగానే మగవాళ్లు స్టేజి కట్టే పనిలో ఉంటే, మా నాయనమ్మ ముందు పొయ్యి చోటు నిర్ణయించేదట. దుస్తుల పెట్టెలను వరుసగా పేర్చితే అదే అడ్డుగోడ. వాటి మీద పరుపు పరిస్తే పిల్లల మంచం. వాకిలి ముందు చిమ్మి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టిన తర్వాతే ఆమె కూర్చునేదని మా నాన్న చెబుతారు. రేపు ఊరు మారేదైనా సరే ఆ ముగ్గు పడవలసిందే. ఆ వాకిళ్లలోనే పిల్లలు పుట్టారు, హార్మోనియం నేర్చుకున్నారు, బాలకృష్ణుడి వేషం కట్టారు. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఏర్పడి స్థిరమైన ఇళ్లు వచ్చేదాకా మా వాళ్లలో చాలామందికి తెలిసిన ఇల్లు అదే. వాళ్లకు నాటకం మీద శ్రద్ధ తగ్గిందని ఎవరూ అనలేరు.

కాబట్టి చెల్లీ, రేపటి నుంచి సర్దుకుంటానని వాయిదా వేయకండి. చేరిన రోజు రాత్రే పెట్టె పూర్తిగా ఖాళీ చేసి, బట్టలు బీరువాలో పెట్టి, ఖాళీ పెట్టెను మంచం కిందకు తోసేయండి. సగం తెరిచిన పెట్టె కళ్లెదుట ఉన్నంతకాలం మనిషి ప్రయాణంలో ఉన్నట్టే ఉంటుంది.

మలెనాడు వాన

మాది హిందూపురం. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడులోని నీనాసం అనే నాటక సంస్థలో శిక్షణ పొంది, తర్వాత వాళ్ల తిరుగాటలో నటించాను. 1985 నుంచి సాగుతున్న సంచార నాటక బృందం అది. అక్కడ నాకు ఎదురైన సమస్య మీ సమస్యకు పూర్తిగా వ్యతిరేకం. ఒంటరితనం లేదు, ఏకాంతం లేదు. రిహార్సల్సు జరిగేది వానాకాలంలో. మలెనాడు అనే ఆ కొండప్రాంతంలో వాన పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. బట్టలు ఆరవు, తువ్వాలు ముక్కవాసన వేస్తుంది, అందరం ఒకే చోట ఉంటాం. యాత్ర మొదలయ్యాక మజిలీలు మారుతూ ఉంటాయి, గదిని అలంకరించుకునే ప్రశ్నే ఉండదు. అప్పుడు నేను స్థలాన్ని వదిలేసి వేళను పట్టుకున్నాను. అందరికంటే అరగంట ముందు లేచి, నా గ్లాసులో నా టీ తాగుతూ, ఒక తెలుగు పుస్తకంలో రెండు పేజీలు చదివేవాణ్ణి. ఆ అరగంటలో ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. తోటివాళ్లు కూడా దాన్ని గౌరవించారు. రోజంతా కన్నడంలో సంభాషణలు పలికే నాకు ఆ రెండు పేజీలు ఎంత అవసరమో మాటల్లో చెప్పలేను.

మీరు ఢిల్లీలో హిందీ మధ్య ఉండబోతున్నారు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను. రోజుకు కాసేపైనా తెలుగు చదవండి, వినండి, వీలైతే పైకి మాట్లాడండి.

మాంచెస్టర్ నుంచి

నేను ఇంగ్లండులో ఊరూరా తిరిగే ఒక సంగీత నాటకానికి వార్డ్‌రోబ్, అంటే దుస్తుల విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ చాలా ప్రదర్శనలకు వారానికో ఊరు ఉంటుంది. శనివారం రాత్రి సామాను లారీలకు ఎక్కుతుంది, ఆదివారం ప్రయాణం, సోమవారం మళ్లీ కొత్త థియేటరు. నటులకు, సాంకేతిక సిబ్బందికి గదులు ఇచ్చే ఇళ్లను డిగ్స్ అంటారు. అటువంటి ఇళ్ల చిరునామాల జాబితా థియేటరువాళ్లే పంపిస్తారు. రాత్రి ఆలస్యంగా వచ్చి, ఉదయం ఆలస్యంగా లేచే మనుషులతో ఎలా మెలగాలో ఆ ఇంటివాళ్లకు బాగా తెలుసు. మన దగ్గర కూడా నాటకాలు ఎక్కువగా జరిగే తెనాలి, గుంటూరు, రాజమహేంద్రవరం వంటి ఊళ్లలో పరిషత్తులవారు ఇలాంటి జాబితా ఒకటి తయారు చేస్తే ఎంత మేలు జరుగుతుందోనని నాకు తరచూ అనిపిస్తుంది.

వంట విషయంలో ఒక్క జాగ్రత్త. ఇక్కడ తాలింపు పొగకు స్మోక్ అలారం మోగుతుంది. అందుకే ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు నూనెలో ముందుగానే వేయించి సీసాలో పెట్టుకుని వెళ్తాను. ఉడికిన పప్పులో ఒక చెంచా వేస్తే చాలు. ఢిల్లీలో ఒంటిగదికి కూడా ఇది బాగా పనికొస్తుంది. తాలింపు ఘాటు రజాయికి పట్టదు.

కుట్టుమిషన్

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. యజమానికి ఫోను చేసి అడిగాను. 16 ఆంపియర్ల ప్లగ్గు గీజరు దగ్గర తప్ప గదిలో లేదట. ఒకటి పెట్టించిన తర్వాతే అడ్వాన్సు పంపుతానని చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. మేకులు కొట్టే వీలు లేదు కాబట్టి కిటికీ ఊచ నుంచి బీరువా పిడి వరకు సుతిలి తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో ఇంటి ఫొటోలను, నేను గీసిన దుస్తుల బొమ్మలను వేలాడదీద్దామనుకుంటున్నాను. కిటికీకి అమ్మ పాత చీర కర్టెనుగా కుడుతున్నాను. పెద్దాయన చెప్పినదాన్ని కూడా పాటిస్తాను, సామాను ఒక్క పెట్టెకు మించనివ్వను. ఇంకొక్క సందేహం మిగిలింది. నాకు పెరుగు లేనిదే అన్నం తిన్నట్టు ఉండదు. ఆ చలిలో పాలు తోడుకుంటాయా?

మండీహౌస్ పాతకాపు

తోడుకుంటాయి గానీ మన ఊరి పద్ధతి పనిచేయదు. పాలను చిటికెన వేలు ఓర్చుకోగలిగినంత వేడిగా ఉంచి, ఇక్కడ వేసేదానికి రెట్టింపు తోడు వేయండి. స్టీలు గిన్నె వద్దు, మట్టి పిడత కొనుక్కోండి. మూత పెట్టి, తువ్వాలు చుట్టి, అప్పుడే వాడి ఆపేసిన రైస్ కుక్కరులో గోరువెచ్చగా ఉండగా పెట్టి, మూత వేసి వదిలేయండి. స్విచ్ మాత్రం వేయకండి. రాత్రి పదకొండుకు తోడు పెడితే జనవరిలో మర్నాడు పదింటికి గానీ గట్టిపడదు, కాబట్టి ఉదయం కదిలించి చూడవద్దు.